తందాన వెనక పనితనం

సాయంత్రం నాలుగింటి బస్సు దిగిన ముగ్గురిలో ఇద్దరు రామాలయం అరుగు మీద నడుం వాల్చారు. మూడో ఆయన తన మూట వాళ్ళ దగ్గర పడేసి తిన్నగా టీ బడ్డీకి వెళ్ళాడు. నాకప్పుడు పదేళ్ళో పదకొండేళ్ళో. బుర్రకథ వాళ్ళొచ్చారంటే పిల్లలం వెంటపడేవాళ్ళం కాబట్టి నేనూ అక్కడే ఉన్నాను. టీ తాగుతూ ఆయన అడిగినవన్నీ చిన్న చిన్న ప్రశ్నలు. కాలవకి నీళ్ళు ఎప్పుడొదిలారు? వంతెన దగ్గర ఆ గొయ్యి ఎన్నాళ్ళ నుంచి ఉంది? ఊళ్ళో కోడిపందేలంటే బాగా మోజున్న ఆసామి ఎవరు? ఆయనకి కోపం ఎక్కువా, ఏమన్నా నవ్వేసి ఊరుకుంటాడా? ఆ చివరి ప్రశ్న ఎందుకడిగాడో నాకు చాలా ఏళ్ళ తర్వాత గాని అర్థం కాలేదు.

రాత్రి పల్నాటి యుద్ధం. కోడిపోరు ఘట్టం వచ్చింది. నాగమ్మ కోడీ, బ్రహ్మనాయుడి కోడీ బరిలోకి దిగబోతుండగా టీ బడ్డీ దగ్గర ప్రశ్నలడిగిన ఆయన గుమ్మెట మీద చెయ్యి ఆపి, ఇంతకీ ఆ కోడిని మేపిందెవరో తెలుసా అంటూ మా ఊరి ఆసామి పేరు లాక్కొచ్చాడు. పందిరి ఎగిరిపోయేంత నవ్వు. ముందు వరసలో కూర్చున్న ఆసామి అందరికన్నా ఎక్కువ నవ్వాడు. ఆ నవ్వు చల్లారకముందే మధ్యలో ఉన్న కథకుడు గొంతెత్తి పందెం ఎత్తుకున్నాడు. ఓడిపోతే ఏడేళ్ళు రాజ్యం వదిలి పోవాలి. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి పల్నాడు మా పంటకాలవ గట్టుకి వచ్చి నిలబడింది. ఇక అక్కడి నుంచి కోడి ఓడితే ఓడింది మా ఊరి కోడే.

ఆ నిమిషం వెనక ఎంత లెక్క ఉందో, ఎంత ముందుచూపు ఉందో ఆ తర్వాత ఎన్నో బుర్రకథలు చూస్తే గాని తెలియలేదు. ఆ పనితనాన్ని దగ్గరగా చూపించాలనే ఈ నాలుగు మాటలు. ఎవరి పేరుతో చూపించాలన్న సందేహం నాకు లేదు. తెలుగునేల మీద బుర్రకథ అనగానే మొదట వచ్చే పేరు షేక్ నాజర్.

నాజర్ 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టారు. దూది ఏకి బతికే కులంలో పుట్టిన పేద బిడ్డ. లోకం చులకనగా పిలిచిన కులం పేరునే తన ఆత్మకథకి పేరుగా పెట్టుకున్నారు: ‘పింజారి’. ఆ ఒక్క పని చాలు, ఆయన ఎలాంటి మనిషో తెలియడానికి. చిన్నతనంలో నాటకాల్లో ఆడవేషాలు కట్టారు. శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నారు. ఈ రెండూ తర్వాత బుర్రకథలో ఎలా పనికొచ్చాయో చూడాలి. వేదిక మీద ఉన్నది ముగ్గురు మగవాళ్ళు. కథలో నాగమ్మ ఉంది, మాంచాల ఉంది, బొబ్బిలి మల్లమ్మ ఉంది. కథకుడు వేషం మార్చడు, తెర దించడు. తలపాగా, పొడుగు అంగీ, కాళ్ళకి గజ్జెలు, ఆ ఆహార్యంలోనే ఉండి మెడ కాస్త వాల్చి, గొంతులో ఒక తీగ సడలించి, మాంచాల అయిపోవాలి. మరో చరణానికి మళ్ళీ బాలచంద్రుడు కావాలి. ఆడవేషం కట్టి ఒళ్ళు వంచినవాడికి ఆ మార్పు కనురెప్పపాటులో వస్తుంది. రాగం తెలిసినవాడు మాంచాలకి ఒక రాగం, బాలచంద్రుడికి ఒక నడక ముందే దాచి ఉంచుతాడు. మీసాల మనిషి మాంచాలగా నిలబడితే జనం నవ్వకుండా కన్నీళ్ళు పెట్టుకున్నారంటే దాని వెనక ఈ రెండు చదువులూ ఉన్నాయి.

బుర్రకథకి ముందు జంగం కథ ఉంది. తెలంగాణలో శారద కథ ఉంది. జంగమాయన తంబురా మీటుతూ కథ చెబుతుంటే ఇంటి ఆడవాళ్ళు వంత పాడేవాళ్ళు. తంబురా కాయనే బుర్ర అంటారు. పేరు అక్కడి నుంచి వచ్చిందంటారు. 1940ల మొదట్లో గుంటూరు సీమలో కమ్యూనిస్టులు ఈ కళని చేతికి తీసుకున్నారు. 1943లో ప్రజానాట్యమండలి ఏర్పడ్డాక అది ఊరూరా తిరిగింది. సుంకర సత్యనారాయణ ‘కష్టజీవి’ రాశారు. నాజర్ గొంతులో బెంగాల్ కరువు కథ అయింది. మోటూరు ఉదయం ఆడవాళ్ళ దళం కట్టి తంబురా భుజానికెత్తుకున్నారు. మద్రాసు రాష్ట్రంలో తెల్లవాళ్ళ ప్రభుత్వం, హైదరాబాదులో నిజాం ప్రభుత్వం బుర్రకథని నిషేధించాయి. ముగ్గురు మనుషులు, ఒక తంబురా, రెండు గుమ్మెటలు. సర్కార్లు వాటికి జడిసే స్థితికి వచ్చాయి.

ఎందుకు జడిశాయో తెలియాలంటే ఆ ముగ్గురూ ఎలా నిలబడతారో చూడాలి.

మధ్యలో కథకుడు. ఒక పక్క రాజకీయ వంత, మరో పక్క హాస్యపు వంత. జంగం కథలో వంతల పని ప్రధానంగా పాటని అందుకోవడం. కొత్త బుర్రకథ వాళ్ళిద్దరికీ చెరో ఉద్యోగం ఇచ్చింది. నా ఉద్దేశంలో ఈ కళలో జరిగిన అసలైన పనితనం ఇదే. చిన్నప్పుడు మనకి కథ చెప్పినవాళ్ళంతా ఊ కొట్టమనేవాళ్ళు. ఊ ఆగితే కథ ఆగేది. పిల్లాడు నిద్రపోయాడనుకుని దుప్పటి కప్పేవాళ్ళు. ఇద్దరు ముగ్గురు పిల్లలైతే ఊ కొడతారు. నాలుగు వేల మంది కూర్చున్న మైదానంలో ఊ ఎవరు కొట్టాలి? బుర్రకథ దానికి జవాబు కనిపెట్టింది. జనం తరఫున ఇద్దరిని ఎన్నుకుని వేదిక మీదికి ఎక్కించింది.

జాగ్రత్తగా చూస్తే కథకుడు మనకి కథ చెప్పడు. తన పక్కనున్న ఇద్దరికీ చెబుతాడు, మనం వింటాం. మన మనసులో ఏ సందేహం వస్తుందో దాన్ని రాజకీయ వంత ముందే అడుగుతాడు: ఏమన్నా, రాజుగారికి ఆ మాత్రం తెలియదా? మనం ఎక్కడ నవ్వాలనుకుంటామో అక్కడ హాస్యగాడు ముందే నోరు జారతాడు. తెలివిగా అడిగేవాడు ఒకడు, అమాయకంగా అడిగేవాడు ఇంకొకడు. జనంలోనూ ఆ రెండు రకాల వాళ్ళూ ఉంటారు కాబట్టి ప్రతివాడికీ వేదిక మీద తనవాడొకడు దొరుకుతాడు. కరువు గురించి, పన్నుల గురించి కథకుడు ఉపన్యాసం ఇస్తే అది మీటింగ్ అయ్యేది. వంత సందేహం అడిగాడు, కథకుడు విప్పి చెప్పాడు, అంతే. అడిగింది జనమే అయ్యారు. సర్కారు జడిసింది ఆ అడగడానికే.

ఇక తందాన తాన. వినేవాడికి అది పల్లవి. చెప్పేవాడికి అది ఊపిరి.

రెండు మూడు గంటలు ఎత్తు శ్రుతిలో పాడుతూ, అడుగులు వేస్తూ, మధ్యలో వచనం దంచుతూ ఒక మనిషి నిలబడాలి. మైకులు లేని రోజుల్లో ఆఖరి వరసలో చెట్టెక్కి కూర్చున్నవాడికి కూడా మాట విడివిడిగా వినిపించాలి. చరణం చివర మాట అతని నోట్లోంచి ఇంకా పూర్తిగా రాకముందే వంతలిద్దరూ దాన్ని అందుకుంటారు. వాళ్ళు పాడే ఆ కాసేపట్లో కథకుడు ఎన్ని పనులు చేస్తాడో చూడండి. ఒక అడుగు వెనక్కి వేస్తాడు. పొట్ట నిండా గాలి పీలుస్తాడు. తర్వాతి చరణం మొదటి మాట గుర్తుకి తెచ్చుకుంటాడు. పందిరి కింద ఎడమ మూల గుసగుసలు మొదలయ్యాయా, ఆడవాళ్ళ వైపు పసిపిల్లలు ఏడుస్తున్నారా, అన్నీ ఒక చూపులో తిప్పుకొస్తాడు. మళ్ళీ ముందుకి అడుగేసేటప్పటికి ఎటు తిరిగి పాడాలో తేలిపోయి ఉంటుంది. గుసగుసల మూల వైపే తిరుగుతాడు. ఆ చరణం వాళ్ళకే పాడతాడు. వాళ్ళు సర్దుకుని కూర్చుంటారు.

యుద్ధ ఘట్టం వచ్చేసరికి ఇదే వంత కురచ అవుతుంది. నిండు తందాన పోయి ఒక్క ‘భళా’ మిగులుతుంది, ఒక్క ‘ఆహా’ మిగులుతుంది. కథకుడికి ఊపిరి పీల్చే చోటు తగ్గుతుంది, వినేవాడికీ తగ్గుతుంది. గుర్రాల పరుగు వల్ల గుండె దడదడలాడింది అనుకుంటాం గానీ, మన గుండెని పరిగెత్తించింది వంతలు తగ్గించుకున్న ఆ నాలుగు అక్షరాలు.

వాద్యాలు కూడా ఇలా కొలిచి పెట్టినవే. కథకుడి భుజాన తంబురా. బొటనవేలికి ఒక అందె, అదే చేతి వేళ్ళలో రెండో అందె. లోపల బోలుగా ఉండి చిన్న గుళ్ళు వేసిన లోహపు కడియాలు అవి. ఒకదానికొకటి తగిలిస్తే గలగలమంటూనే ఖంగుమంటాయి. పాటకి తాళం అదే, చేతి సైగకి చప్పుడూ అదే. కత్తి దూశాడని చెబుతూ చెయ్యి విసిరితే అందె మోగుతుంది. కత్తి చప్పుడు వేరే అక్కర్లేదు. కాళ్ళ గజ్జెలు నడకకి, చేతి అందెలు మాటకి. ఒక్క మనిషి ఒళ్ళంతా వాద్యం చేసుకుని నిలబడతాడు.

వంతల చేతుల్లో గుమ్మెటలు. కుండ లాంటి ఒళ్ళు, ఒకవైపు తోలు, రెండోవైపు తెరిచిన మూతి. పాతరోజుల్లో మట్టివి, తర్వాత ఇత్తడివి. ఒక చెయ్యి తోలు మీద వాయిస్తుంటే రెండో అరచెయ్యి ఆ తెరిచిన మూతిని మూస్తూ తీస్తూ ఉంటుంది. మూస్తే నాదం లోపలికి గుటక వేసినట్టు ఉంటుంది, తీస్తే బయటికి దూకుతుంది. నేను మొదటిసారి ఆ అరచేతిని దగ్గరగా చూసింది ఒక దళం కథకి ముందు గుడి వెనక మట్టి గుమ్మెటలకి సెగ చూపించుకుంటున్నప్పుడు. చలికి తోలు మెత్తబడితే గొంతు దిగిపోతుందట. కాగితాలూ ఎండుటాకులూ మంటేసి, తోలుని దగ్గరికి తెచ్చి, వేలితో కొట్టి చూసి, మళ్ళీ తిప్పి, ఒక్కోదానికి పావుగంట పట్టింది. మైకు సెట్టు కుర్రాడు త్వరగా కానియ్యండని గోల పెడుతున్నాడు. ఆ పెద్దాయన తల కూడా ఎత్తలేదు. రెండు గుమ్మెటలూ ఒక్క శ్రుతిలో పలికాకే లేచాడు.

ఇంకో సంగతి చెప్పాలి. పల్లెల్లో కథ మధ్యలో చదివింపులు ఉంటాయి. ఎవరో పది రూపాయలో వందో పంపిస్తారు, పేరు చదవాలి, దీవించాలి. చదవకపోతే ఊళ్ళో తగాదా. నాటకంలో అయితే పద్యం ఆపి చదవాల్సిందే, అప్పటిదాకా కట్టిన భావం చెదిరిపోతుంది. బుర్రకథ దీన్ని ఎలా మింగుతుందో చూస్తే ముచ్చటేస్తుంది. కాగితం హాస్యగాడి చేతికే వెళుతుంది. అతను ఎలాగూ కథలో సగం, ఊళ్ళో సగం ఉన్నవాడు. ఆ పేరుని ఏదో పరాచికంలో కలిపి చదివేస్తాడు. కథకుడు మాత్రం బాలచంద్రుడి నిలువులోనే, తంబురా మీద వేలు కదుపుతూ, చూపు దించకుండా ఆగి ఉంటాడు. మనకి నవ్వూ అయింది, బాలచంద్రుడూ చెదరలేదు. ఇద్దరూ చెరో లోకాన్ని పట్టుకుని నిలబడితే తప్ప కుదరని పని ఇది.

నవ్వు గురించి ఒక మాట. హాస్యగాణ్ణి కథ మధ్యలో విశ్రాంతి కోసం పెట్టిన అలంకారం అని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. గట్టి దళాల్లో పెద్ద నవ్వు ఎప్పుడూ పెద్ద దుఃఖానికి సరిగ్గా ముందు వస్తుంది. బాలచంద్రుడు యుద్ధానికి పోతూ మాంచాల దగ్గర సెలవు తీసుకునే చోటికి రాబోతున్నప్పుడు హాస్యగాడు చెలరేగిపోతాడు. జనం పొట్ట పట్టుకుని నవ్వుతారు. నవ్వినప్పుడు మనిషి ఒళ్ళు వదులవుతుంది, కాపలా తీసేస్తాడు. అప్పుడు కథకుడు శ్రుతి దించి, అందెలు ఆపి, ఒట్టి తంబురా మీద మాంచాల మాట ఎత్తుకుంటాడు. ఇంతసేపు నోరు మూయని హాస్యగాడు ఆ క్షణాన తల దించుకుంటాడు. అతని మౌనం చూశాకే మనకి ఏడుపొస్తుంది. నవ్వించినవాడు మూగబోయాడంటే ఏదో పెద్దదే జరగబోతోందని పసిపిల్లలకి కూడా తెలిసిపోతుంది.

ఇదంతా దేనికంటే, వినేవాళ్ళకి కథ ముందే తెలుసు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడిందని తెలుసు. 1924 మే 7న అల్లూరి సీతారామరాజుని కాల్చేశారని తెలుసు. పల్నాటి వీరులు కారంపూడిలో కూలారని తెలుసు. ఏమైందన్న కుతూహలం మీద ఆధారపడే వీలు బుర్రకథకుడికి లేదు. తాండ్ర పాపారాయుడు రాజాం నుంచి బయల్దేరాడు, వస్తున్నాడు, కోట చేరేసరికి ఆలస్యం అవుతుంది. తెలిసీ ప్రతిసారీ ఈసారైనా వేళకి చేరతాడేమోనని జనం ముందుకి వంగుతారు. చరణం చరణానికి పాపారాయుణ్ణి ఒక్కో మైలు నడిపిస్తూ, మధ్యలో బొబ్బిలి బురుజు మీదికి చూపు తిప్పుతూ, తందానలతో వేళ సాగదీస్తూ ఆ ఆశని చివరిదాకా బతికించి ఉంచడంలో ఉంది నేర్పంతా.

నాజర్ దళం పనితనం చూడాలంటే ఇప్పటికీ ఒక దారి ఉంది. 1954లో వచ్చిన ‘అగ్గిరాముడు’ సినిమాలో ఆ దళం అల్లూరి కథ చెబుతుంది. రెండు మూడు గంటల కథ కొద్ది నిమిషాలకి కుదించింది కాబట్టి మొత్తం కనిపించదు. అయినా పాట వచనంలోకి జారే అతుకు ఎంత సన్నగా ఉంటుందో, కథకుడి మాటకీ వంతల అందుకోలుకీ మధ్య ఎంత తక్కువ ఖాళీ ఉంటుందో కళ్ళారా చూడొచ్చు. ఒకసారి కథకుణ్ణి చూడండి. రెండోసారి అతన్ని వదిలేసి పక్కవాళ్ళనే చూడండి.

1948 డిసెంబరులో విజయవాడ ఆకాశవాణి వచ్చాక బుర్రకథ రేడియోకి ఎక్కింది. వేదిక మీది కళలకి రేడియో పెద్ద పరీక్ష. ఆహార్యం లేదు, అడుగులు లేవు, ఎదురుగా జనం లేరు. బుర్రకథ మాత్రం కొత్తచోట కూడా తడబడలేదు. తనతో పాటు తన శ్రోతల్ని తెచ్చుకున్న కళ అది. స్టూడియో గది ఖాళీగా ఉన్నా ఊ కొట్టేవాళ్ళిద్దరూ పక్కనే ఉన్నారు. పొలం గట్టున ట్రాన్సిస్టర్ పెట్టుకున్న రైతు ఒంటరిగా వింటున్నా పదిమందిలో కూర్చున్నట్టే ఉండేది.

బతుకుతెరువు సంగతికొస్తే, ఈ కళ ఎవరినీ మేడలెక్కించలేదు. సంక్రాంతి నుంచి శ్రీరామనవమి, ఆపైన తిరునాళ్ళు, మళ్ళీ చవితి పందిళ్ళు, దసరా. వానాకాలం పస్తు. బయానా పుచ్చుకున్న ఊరికి జ్వరమొచ్చినా వెళ్ళాలి, ఎందుకంటే ఒక్క ఊరు తప్పిన దళాన్ని చుట్టుపక్కల పది ఊళ్ళు మరిచిపోతాయి. ముగ్గురిలో ఎవరు విడిపోయినా కథ పోతుంది. ఏళ్ళ తరబడి ఒకరి ఊపిరి ఒకరికి అలవాటైన ముగ్గురు ఒక్క రోజులో దొరకరు. తర్వాతి కాలంలో కుటుంబ నియంత్రణ, అక్షరాస్యత లాంటి ప్రభుత్వ ప్రచారాలు కొంత అన్నం పెట్టాయి. ఒకప్పుడు సర్కారు నిషేధించిన తంబురాని సర్కారే పిలిచి కథ చెప్పించుకుంది. నాజర్‌కి 1986లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన 1997 ఫిబ్రవరిలో కన్నుమూశారు. 2025లో తాడేపల్లిగూడేనికి చెందిన బుర్రకథకుడు మిరియాల అప్పారావుకి పద్మశ్రీ ప్రకటించారు. అప్పటికే ఆయన లేరు.

బిరుదు వస్తే కథకుడికే వస్తుంది. పోస్టరు మీద కథకుడి పేరే పెద్దక్షరాల్లో ఉంటుంది. వంతల పేర్లు చాలాసార్లు ఉండనే ఉండవు. నాకు ఈ కళ మీద ఉన్న ఒకే ఒక్క ఫిర్యాదు ఇది, అదీ కళ మీద కాదు, మన మీద. మా ఊరి టీ బడ్డీ దగ్గర నాలుగు ప్రశ్నలడిగి రాత్రికి ఊరంతటినీ పల్నాడు తీసుకెళ్ళిన ఆ మనిషి పేరు నేనూ అడగలేదు.

ఈసారి మీ ఊళ్ళో గానీ, మీ కాలనీ చవితి పందిట్లో గానీ బుర్రకథ పెడితే ఆఖరి తందాన దాకా కూర్చోండి. లేచి వచ్చేటప్పుడు వంతలిద్దరి దగ్గరికీ వెళ్ళి పేర్లు అడగండి. మరుసటి ఏడాది పోస్టరు వేయించేటప్పుడు ఆ రెండు పేర్లూ వేయించండి.